జాడీ అడుగున ఏముంది

పింగాణీ వస్తువు ఏది చేతికొచ్చినా ముందు బోర్లించి చూడడం నాకు అలవాటు. కప్పు కానీ, సాసరు కానీ, తొక్కు (ఊరగాయ) జాడీ కానీ, పైనున్న పువ్వులూ బంగారు గీతలూ తర్వాత చూస్తాను. అడుగున ముద్ర ఉందా, పూత లేని చోట మట్టి ఏ రంగులో ఉంది, పళ్లెమైతే మూడు చిన్న మచ్చలు కనిపిస్తున్నాయా అన్నవి ముందు చూడాలి. పళ్లానికి అడుగున కూడా పూత వేసి అలాగే బట్టీలో పెడితే, పూత కరిగి కింది పలకకు అతుక్కుపోతుంది. అందుకని మూడు మొనలున్న చిన్న పీట మీద నిలబెట్టి కాలుస్తారు. ఆ మొనలు తగిలిన చోట పడేవే ఆ మచ్చలు. జాడీలకు ఆ ఏర్పాటు ఉండదు. అడుగున పూత తుడిచేసి నేరుగా నిలబెడతారు. ఏ జాడీని తిరగేసినా గరుకుగా మట్టి తగలడానికి కారణం ఇదే.

ముద్ర ఉంటే చాలా సంగతులు తెలుస్తాయి. ‘మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్’ అని ఉంటే, ఆ కప్పు 1947కీ 1952కీ మధ్య తయారై బయటికొచ్చింది. యుద్ధంలో ఓడిన జపాన్ ఇంకా పరాయి సైన్యం కింద ఉన్న రోజులవి. ‘నిప్పాన్’ అని ఉంటే ఇంకా పాతది కావచ్చు. ఎందుకంటే అమెరికాకు వెళ్లే సరుకు మీద 1921 నుంచి ‘జపాన్’ అనే రాయాల్సి వచ్చింది. మన దేశపు సరుకులో నాకు ఎక్కువగా కనిపించినవి కలకత్తా బెంగాల్ పాటరీస్ ముద్ర, గ్వాలియర్ పాటరీస్ ముద్ర. ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా నుంచి వచ్చిన జాడీల మీద చాలాసార్లు ముద్రే ఉండదు. ఒక్కో జాడీ మీద కొలత అంకె ఉంటుంది. అది సేర్లలో ఉందా, కిలోల్లో ఉందా అన్నది ముఖ్యం. మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చి, 1962 నాటికి దేశమంతా తప్పనిసరి అయింది. సేర్ల జాడీ దొరికితే అది ఆ మార్పుకు ముందుదే అయ్యే అవకాశం ఎక్కువ.

ఇదంతా తయారీదారు చెప్పే కథ. ఆ వస్తువు ఎవరింటికి వచ్చింది, ఎవరు తెచ్చారు, ఏ పండక్కి బయటికి తీశారు, పర్రె (పగులు) పడ్డాక కూడా ఎందుకు పారేయలేదు అన్నవి ఏ ముద్రలోనూ ఉండవు. ఆ ఇంటి ఆడవాళ్లను అడిగితేనే తెలుస్తాయి. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఇళ్లలో 1940ల చివరి నుంచి 1970ల దాకా వాడిన జాడీలు, కప్పులు, కెటిళ్లు, పింగాణీ తలెలు (పళ్లాలు) నేను చాలాకాలంగా పోగు చేస్తున్నాను. నాకు వస్తువు ఎంత ముఖ్యమో, దాని వెనకున్న మనిషి మాట అంత ముఖ్యం. ప్రతి వస్తువుకూ నోటుపుస్తకంలో ఒక పేజీ ఉంటుంది. ఎవరిది, ఏ ఊరు, దాంట్లో ఏం పెట్టేవాళ్లు, ఎవరు ముట్టుకునేవాళ్లు, ఇవన్నీ రాస్తాను. కథ తెలియని అందమైన టీ సెట్టు కంటే కథ తెలిసిన అంచు విరిగిన సాసరే నాకు ఎక్కువ.

ఈ ఇష్టం మా అవ్వ వెనకర్రలో మొదలైంది. మాది హాలియా దగ్గర పల్లె. ఆ అర్రకు కిటికీ లేదు. ఒక గోడ పొడుగునా మట్టి అరుగు, దాని మీద జాడీలు. పెద్దవి వెనక వరసలో, చిన్నవి ముందు వరసలో. మెడ దాకా ముదురు గోధుమ రంగు, కింద మీగడ రంగు. మామిడికాయ తొక్కు, చింతకాయ తొక్కు, ఉసిరికాయ తొక్కు, నెయ్యి, చింతపండు, దొడ్డు ఉప్పు, దేని జాడీ దానిదే. చీకట్లో కూడా అవ్వ చెయ్యి తప్పేది కాదు. మెడ మీద చెయ్యి పెట్టగానే ఏ జాడీయో తెలిసిపోయేది.

ఎండాకాలం జాడీలు బండ్ల మీద వచ్చేవి. వరిగడ్డి పరిచి, మధ్యలో గడ్డి కూరి, ఒకదాని మీద ఒకటి పేర్చుకొని తెచ్చేవాళ్లు. అవ్వ కొనే పద్ధతి నాకు బాగా గుర్తుంది. మొదట జాడీని నేల మీద పెట్టి ఊగుతుందేమో చూసేది. తర్వాత వేలి కణుపుతో నాలుగు వైపులా కొట్టేది. “ఖంగుమనాలె బిడ్డా. డబ్బుమన్నదంటే లోపట పర్రె ఉన్నట్టే” అనేది. అంతటితో అయ్యేది కాదు. అక్కడే నీళ్లు పోయించి, బయట తడి వస్తుందేమో చూసి, అప్పుడు బేరానికి దిగేది. పగులున్న జాడీ ఎందుకు డబ్బుమంటుందో చాలా ఏళ్ల తర్వాత చదువుకున్నాను. జాడీ మట్టి 1,200 డిగ్రీల వేడి దగ్గర కాలి, రేణువులు కరిగి ఒకదానికొకటి పట్టుకొని గట్టి ముద్ద అవుతుంది. నీళ్లు పీల్చదు. అలాంటి ముద్దలో మోత ఎక్కడా ఆగకుండా పాకుతుంది. పర్రె ఉంటే అక్కడ తెగిపోతుంది. అవ్వకు ఈ లెక్కలు తెలియవు, కానీ ఆమె చెవి ఎప్పుడూ తప్పలేదు.

ఆ గోధుమ రంగు జాడీల్లో కొన్నిటి పూత ఉప్పుతో వచ్చినది. బట్టీ బాగా కాగిన సమయంలో లోపలికి ఉప్పు చల్లుతారు. ఆ వేడికి ఉప్పు ఆవిరై, అందులోని సోడియం మట్టిలోని సిలికాతో కలిసి పైన గాజు పొరగా మారుతుంది. కొద్దిగా గరుకుగా, నారింజ తొక్క మీదలాంటి చిన్న చిన్న గుంటలతో ఉండే మెరుపు అది. దాన్ని చేత్తో తడిమితే మిగతా పూతలకూ దానికీ తేడా ఇట్టే తెలుస్తుంది.

తొక్కు పెట్టే రోజుకు ముందే జాడీలన్నీ కడిగి ఎండలో బోర్లించేది. మర్నాడు నిప్పుల మీద ఇంగువ వేసి, ఆ పొగ మీద జాడీని తలకిందులుగా పట్టేది. ఒక్క చుక్క తడి ఉన్నా తొక్కు బూజు పడుతుందని ఆ రోజు మమ్మల్ని అర్ర గడప కూడా తొక్కనిచ్చేది కాదు. మామిడి ముక్కలు, ఉప్పు, కారం, మెంతిపొడి, ఆవపొడి, దంచిన ఎల్లిగడ్డ, నూనె. మూడో నాడు తిరగగలిపి, పైన వేలెడు నూనె తేలేట్టు చూసి, మూత పెట్టి, ఉతికిన తెల్ల గుడ్డతో వాసెన కట్టేది. ఆ ముడి అవ్వ ఒక్కతే విప్పాలి. వడ్డించడానికి తీసే తొక్కు వేరే చిన్న జాడీలోకి మారేది. పెద్ద జాడీని రోజూ తెరిచే పద్ధతి లేదు.

ఇంట్లో ఇత్తడి సర్వలు, బగోన్లు, కంచు గుండ్లు ఉన్నా తొక్కు వాటిలో పెట్టలేదు. పులుపు తగిలితే ఇత్తడి చిలుము పడుతుంది. అందుకే కళాయి వేసేవాడు వీధిలోకి వచ్చేవాడు. నేలలో గుంట తవ్వి, తోలు తిత్తి ఊదుతూ, గిన్నె కాగాక నవాసాగరం చల్లి, తగరం ముక్క తాటించి, దూదితో లోపలంతా తుడిచేవాడు. నల్లటి గిన్నె క్షణంలో వెండిలా మారడం చూడడానికి పిల్లలమంతా చుట్టూ చేరేవాళ్లం. ఆ తగరం పూత వాడుతుంటే అరిగిపోతుంది, మళ్లీ వేయించాలి. జాడీ పూత అరగదు. ఉప్పూ పులుపూ దాన్ని ఏమీ చేయలేవు. ఏడాదంతా తొక్కు నిలవడానికి ఆ రోజుల్లో ఇంతకంటే నమ్మకమైన వస్తువు పల్లెల్లో లేదు.

అవ్వ జాడీల అడుగున ఎర్ర రంగుతో చిన్న త్రిశూలం గుర్తు ఉండేది. ఎడ్లబండికి రంగు వేయించినప్పుడు మిగిలిన డబ్బాలోంచి తాత వేసినది. ఊళ్లో పెళ్లయితే జాడీలు, గంగాళాలు ఇంటింటి నుంచి అడిగి తీసుకెళ్లేవాళ్లు. ఇత్తడి మీద, స్టీలు మీద అయితే పేర్లు కొట్టించుకోవచ్చు. జాడీ మీద కొట్టడం కుదరదు కాబట్టి ప్రతి ఇంటికీ ఒక రంగు గుర్తు. ఒకరిది సూర్యుడు, ఒకరిది నామం, ఒకరిది అడ్డగీతలు. పెళ్లి అయిపోయాక జాడీలు బోర్లించి ఎవరివి వాళ్లకు పంచేవాళ్లు. ఇప్పుడు పాత జాడీల అడుగున రంగు చెరిగిన గుర్తు కనిపిస్తే నేను దాన్ని రుద్ది శుభ్రం చేయను. ఫ్యాక్టరీ ముద్ర కంటే అది ఎక్కువ చెబుతుంది.

నాయినకు నాగార్జునసాగర్ ప్రాజెక్టులో పని దొరికాక మేము హిల్ కాలనీకి మారాం. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. మేము వెళ్లేసరికి అసలు డ్యాం పని చాలావరకు అయిపోయి, బయటి నుంచి వచ్చిన ఇంజనీర్ల కుటుంబాలు బదిలీల మీద ఒక్కొక్కటే వెళ్లిపోతున్నాయి. వెళ్లేవాళ్లు బరువైనవీ పగిలేవీ కాలనీలోనే అమ్మేసేవాళ్లు. అలా మా అమ్మ ఒక తమిళ ఇంజనీరు భార్య దగ్గర టీ సెట్టు కొన్నది. బెంగాల్ పాటరీస్ ముద్ర. తెలుపు మీద బూడిద రంగు, నీలం కలిసిన సన్నటి ఆకులు. పాత కప్పుల్లా బొద్దుగా, పువ్వుల గుత్తులతో ఉండదు. గోడలు నిటారుగా, చెవి కోణంగా, గీసినట్టు ఉంటుంది. అమ్మకు తమిళం రాదు, ఆమెకు తెలుగు అంతంత మాత్రమే. అమ్మ డబ్బులిస్తుంటే ఆమె ఒక కప్పు తీసి, అందులో నీళ్లు పోసి, వెలుతురుకు ఎత్తి పట్టి, ఎక్కడా పర్రె లేదని చూపించి మరీ ఇచ్చిందట.

ఆ సెట్టు అద్దాల బీరువాలోకి వెళ్లింది. చుట్టాలకూ ఆఫీసర్లకూ తప్ప బయటికి రాలేదు. నాయినకు ఎప్పుడూ స్టీలు గిలాసలోనే చాయ్. నిజానికి ఆయన కప్పులో ఇచ్చినా సాసరులో పోసుకొని ఊదుకుంటూ తాగేవారు. కానీ ఆదివారం మధ్యాహ్నం అందరూ తిని పడుకున్నాక అమ్మ ఆ బీరువా తెరిచి, ఒక్క కప్పు తీసుకొని, తన కోసం చాయ్ పోసుకొని వెనక మెట్ల మీద కూర్చుని తాగేది. ఆ కప్పు కడిగి, తుడిచి, మేము లేవకముందే మళ్లీ లోపల పెట్టేసేది. ఈ సంగతి నేను పెద్దయ్యాక అమ్మే చెప్పింది. ఆ సెట్టు ఇప్పుడు నా దగ్గర ఉంది. ఒక కప్పు బంగారు గీత మిగతా వాటికంటే బాగా అరిగిపోయి ఉంటుంది. ఆ గీత నిజమైన బంగారమే, పూత మీద చివర్లో సన్నగా వేసి తక్కువ వేడిలో కాలుస్తారు, పెదవులు తగిలి తగిలి అరుగుతుంది. అమ్మ తాగిన కప్పు అదే.

సాగర్‌లో ఉన్నప్పుడే నాయిన మమ్మల్ని లాంచీలో నాగార్జునకొండ మ్యూజియానికి తీసుకెళ్లారు. లోయ మునిగిపోబోతోందని తెలిసి 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో అక్కడ తవ్వకాలు జరిగాయి. ఇక్ష్వాకుల నాటి స్తూపాలు, శిల్పాల సంగతి అందరికీ తెలుసు. నన్ను పట్టుకున్నవి మట్టి పాత్రలు, కుండ పెంకులు. తవ్వకాల్లో ఒక పెంకు దొరికితే అది ఎక్కడ, ఏ పొరలో దొరికిందో రాసుకుంటారని అక్కడి ఉద్యోగి ఒకాయన చెప్పాడు. రాయకపోతే అది ఉత్త పెంకే, రాస్తే ఆ ఊరి చరిత్ర అన్నాడు. నేను నోటుపుస్తకం పెట్టడానికి మూలం ఆ మాటే.

తర్వాత టీచరు ఉద్యోగం వచ్చింది. పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు చాలా ఏళ్లు పనిచేశాను. వీపనగండ్ల, ఆత్మకూరు, కొల్లాపూర్ ప్రాంతాల పల్లెల్లో టీచరమ్మ అంటే ఇంట్లోకి పిలిచి కూర్చోబెట్టేవాళ్లు. పాలమూరు లేబర్ దేశంలో ఎక్కడెక్కడి ఆనకట్టలకో, కాలువలకో వెళ్లి పనిచేసినవాళ్లు. మేస్త్రీ వెంట కుటుంబాలు కుటుంబాలే కదిలేవి. వాళ్ల ఇళ్లలో నాకు ఎక్కువగా కనిపించినవి పింగాణీ తలెలు, ముంతలు, మగ్గులు. తెల్లటి ఒళ్లు, నీలం అంచు. ఇవి మట్టివి కావు. ఇనుప రేకు మీద గాజు పొడి పూసి, సుమారు 800 డిగ్రీల దగ్గర కాలిస్తే అతుక్కునే పూత. కింద పడితే పగలవు, పెచ్చు ఊడి లోపలి ఇనుము నల్లగా బయటపడుతుంది. గుడారాల్లో బతికేవాళ్లకు, మూట కట్టుకొని లారీ ఎక్కేవాళ్లకు ఇంతకంటే పనికొచ్చేది లేదు. ఒక పెద్దమ్మ దగ్గర ఉన్న తలెకు పెచ్చులు ఊడిన మచ్చలు నిండా ఉన్నాయి. ఒక్కో మచ్చను వేలితో చూపిస్తూ ఇది ఫలానా ప్రాజెక్టులో పడింది, ఇది బండి దిగేటప్పుడు పడింది, ఇది నా బిడ్డ పుట్టిన రాత్రి పడింది అని చెప్పింది. ఆమె పోయాక ఆమె కొడుకు ఆ తలెను నాకు తెచ్చిచ్చాడు. నా దగ్గర ఉన్నవాటిలో అత్యంత విలువైనది ఏదని అడిగితే నేను చూపించేది ఆ తలెనే.

కొల్లాపూర్ వైపు విన్న మాట ఒకటి ఇక్కడ రాయాలి. 1981లో శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు వచ్చి కృష్ణ ఒడ్డు ఊళ్లు మునిగినప్పుడు జనం తలుపులు, దూలాలు, వాసాలు కూడా పీకి బండ్ల మీద వేసుకొని ఎత్తుగడ్డకు వచ్చారు. సోమశిల గుళ్లను రాయి రాయి విప్పి పైకి తెచ్చి కట్టారు కాబట్టి వాటి సంగతి అందరికీ తెలుసు. ఇళ్ల నుంచి వచ్చిన వాటి సంగతి ఎవరూ రాయలేదు. ఆ ఊళ్ల నుంచి వచ్చిన ఒకావిడ ఇంట్లో పెద్ద జాడీ చూసి అడిగాను. ఆమె ఆ ఎండాకాలం పాత ఊళ్లోనే తొక్కు పెట్టుకుంది. ఊరు ఖాళీ చేసేటప్పుడు జాడీని వడ్ల బస్తాల మధ్య ఇరికించి, వాసెన మీద ఇంకో గుడ్డ కట్టి, బండి వెనకే నడుచుకుంటూ వచ్చిందట. “ఊరు మునిగింది గని టీచరమ్మా, ఊళ్లె పెట్టిన తొక్కు ఇంకా అయిపోలే. మా మామిడిచెట్టు కాయలే అవి. చెట్టు నీళ్లలకు పోయింది. సంక్రాంతి దాంక ఆ తొక్కుతోనే తిన్నం” అన్నది.

ఆ జాడీ నా దగ్గర లేదు. నేను అడగలేదు, అడగకూడదు కూడా. ఫొటో తీసుకొని, కొలతలు రాసుకొని, ఆమె మాటలు ఆమె చెప్పినట్టే రాసుకొని వచ్చాను. పోగు చేయడం అంటే అన్నీ మన ఇంట్లోకి తెచ్చుకోవడమే అని నేను అనుకోను. వాడే ఇంట్లో ఉన్న వస్తువు ఆ ఇంట్లోనే ఉండాలి.

మిగిలినవి పాత సామాన్ల దుకాణాల్లో దొరికినవి. నల్గొండ ప్రకాశం బజార్ చుట్టుపక్కల ఇత్తడి కరిగించడానికి కొనేవాళ్ల దగ్గర, బస్తాల అడుగున పింగాణీ కూడా వస్తుంటుంది. వాళ్లకు అది బరువు దండగ. హైదరాబాద్ వెళ్తే జుమ్మెరాత్ బజార్, ఎర్రగడ్డ ఆదివారం సంత, మహబూబ్ చౌక్. అక్కడి ఉర్దూ దుకాణదారులు జాడీని మర్తబాన్ అంటారు, కొనే ముందు వాళ్లూ అవ్వలాగే కొట్టి వినిపిస్తారు. నిజాం స్టేట్ రైల్వే అక్షరాలున్న మందపాటి కప్పు ఒకటి అలాగే దొరికింది. ఆ రైల్వే 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది కాబట్టి కప్పు అంతకంటే పాతది. అంచు లావుగా, బరువుగా ఉంటుంది. రైల్లో కుదుపులకూ, స్టేషన్లలో బకెట్లలో కడగడానికీ తట్టుకోవాలి కదా. మహబూబ్‌నగర్ స్టేషన్లో మీటర్ గేజ్ బండి ఆగినప్పుడు మా పెదనాయిన అలాంటి కప్పులోనే చాయ్ తాగేవాడినని చెప్పేవారు. అది ఈ కప్పే కాదని నాకు తెలుసు. అయినా ఆ మాట దాని పేజీలో రాసి పెట్టాను.

సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ పింగాణీ, చైనా పింగాణీ గదులకు గదులే ఉన్నాయి. విషం తగిలితే తెలిసిపోతుందని నమ్మి నవాబులు వాడిన ఆకుపచ్చ పళ్లాలు కూడా చూశాను. వాటిని అంత జాగ్రత్తగా దాచినందుకు సంతోషమే. కానీ ఎడ్లబండి రంగుతో త్రిశూలం వేసిన హాలియా జాడీకి ఏ మ్యూజియంలోనూ చోటు లేదు. దాన్ని మన ఇళ్లలోనే, మనమే దాచాలి.

ఈ మధ్య పాత జాడీలకు మళ్లీ గిరాకీ వచ్చింది. హోటళ్లలో, ఫామ్‌హౌసుల్లో అలంకరణకు పెడుతున్నారు. పెట్టుకోనివ్వండి. నాకు బాధ కలిగించేది ఒక్కటే, అడుగున డ్రిల్లుతో రంధ్రం చేసి, వైరు దూర్చి, దీపపు స్తంభంగా మార్చడం. యాభై ఏళ్లు చుక్క నూనె కారనివ్వని జాడీ ఆ ఒక్క రంధ్రంతో మళ్లీ తొక్కుకు పనికిరాకుండా పోతుంది. అడుగున ఉన్న ఇంటి గుర్తు కూడా ఆ రంధ్రంతోనే పోతుంది. దీపం కావాలంటే పక్కన పెట్టుకోవచ్చు. జాడీని జాడీగానే ఉండనివ్వాలని నేను గట్టిగా నమ్ముతాను, అడిగిన ప్రతివాళ్లకూ అదే చెబుతాను.

ఇంట్లో పాతవి ఉన్నవాళ్లకు నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను. పూతలో సన్నటి వల లాంటి గీతలు ఉంటే బ్లీచింగ్ వేయకండి. అది గీతల కిందికి దిగి, ఎండాక ఉప్పు పేరి, పూతను పెచ్చులుగా లేపుతుంది. గోరువెచ్చని నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. జాడీకి పాత నూనె వాసన పట్టి ఉంటే వంట సోడా నీళ్లు పోసి రాత్రంతా ఉంచి, రెండు మూడు రోజులు ఎండలో పెట్టండి. వాసన ఎక్కువగా మూత కూర్చునే పూత లేని అంచులో దాగి ఉంటుంది. పాత కప్పుల లోపలి వైపు ముదురు ఎరుపు, పసుపు పువ్వులు పూత మీద చేతికి తగిలేలా ఉంటే వాటిలో పులుపు పదార్థాలు పెట్టకండి. ఆ రోజుల్లో అలాంటి రంగుల్లో సీసం, కాడ్మియం వాడేవాళ్లు. అవి చూసుకోవడానికే. పర్రె పడ్డ జాడీని పారేయకండి. అవ్వ సున్నం, బెల్లం కలిపి పర్రెకు మెత్తి, ఎండాక అందులో కందిపప్పు పోసేది. ఆ జాడీ ఇప్పటికీ మా ఇంట్లో కందిపప్పుదే.

అన్నిటినీ తోమి కొత్తగా చేయాల్సిన పని కూడా లేదు. మా అమ్మ వాడిన పింగాణీ కెటిల్ లోపల తెల్లటి గార దళసరిగా పేరుకుని ఉంది. మా వైపు బోరు నీళ్ల గార అది. ఏళ్ల తరబడి ఆ నీళ్లు కాగితే ఏర్పడినది. నిమ్మఉప్పు వేస్తే అరగంటలో పోతుంది. నేను వేయలేదు. నల్గొండ నీళ్లతో ఒక తరం ఎలా బతికిందో ఆ గార చూస్తే తెలుస్తుంది.

స్టీలు వచ్చాక ఇవన్నీ అటకెక్కాయి. పాత బట్టలు తీసుకొని స్టీలు గిన్నెలిచ్చే ఆడవాళ్లు వీధి వీధికీ తిరిగారు. ఇత్తడి తూకానికి పోయింది. పింగాణీకి తూకం ధర కూడా లేదు కాబట్టి కొంత అలాగే మిగిలింది. మా అమ్మ తరంవాళ్లకు స్టీలు ఎంత సుఖమిచ్చిందో నాకు తెలుసు. తోమడం తేలిక, పగలదు, కళాయి అక్కర్లేదు. ఆ సుఖాన్ని నేను తక్కువ చేయను. ఇంటి చాకిరీ చేసినవాళ్లకు దాని విలువ తెలుసు.

ఇప్పుడు నేను వెతుకుతున్నవి మూతలు. జాడీలు బతికినంత కాలం మూతలు బతకలేదు. చేయి జారి పడేది మూతే. చాలా ఇళ్లలో జాడీ మీద స్టీలు పళ్లెమో, చెక్క పీటో పెట్టి ఉంటుంది. మూత, జాడీ ఒకే బట్టీలో కాలినవైతే అంచులు బాగా కూర్చుంటాయి. కొద్దిగా తేడా ఉన్నా గాలి దూరుతుంది. అందుకని ఎక్కడ మూత ఒంటరిగా కనిపించినా తీసుకుంటాను. అంచు కొలిచి, మట్టి రంగు చూసి, పేజీ రాసి పెడతాను. దేవరకొండలో ఒకావిడ తన అత్తగారి ఐదు సేర్ల జాడీకి మూత కావాలని ఆ మధ్య కబురు పంపింది. కొలత అడిగి తెప్పించుకున్నాను. నా దగ్గరున్న వాటిలో రెండు దగ్గరగా ఉన్నాయి. రెండూ తీసుకెళ్లి పెట్టి చూడాలి. మామిడికాయలు రాకముందే వెళ్తే, కుదిరిన మూతతో ఆమె ఈ ఏడే అందులో తొక్కు పెట్టుకోవచ్చు.